బడి గంటల మధ్య ఉద్యోగం

పోయిన నెల ఫోన్ ఇన్ కార్యక్రమంలో ఒకమ్మాయి లైన్లోకి వచ్చి, "ఆంటీ, మా పెద్దది రెండో క్లాసు, చిన్నవాడు కిండర్‌గార్టెన్. ఎనిమిదిన్నరకి బస్సెక్కిస్తే మూడింటికి మళ్ళీ బస్సు దగ్గరికి వెళ్ళాలి. ఆ మధ్యలో చేసుకునే ఉద్యోగం ఏదైనా ఉంటే చెప్పండి. ఏదైనా ఫర్వాలేదు" అంది. అప్పటికే టైం అయిపోవడంతో ఏవో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాను. కానీ ఆ అమ్మాయి చివర్లో అన్న 'ఏదైనా ఫర్వాలేదు' అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకంటే 1988లో సరిగ్గా ఆ మాటే నేనూ అన్నాను.

మా అబ్బాయి కిండర్‌గార్టెన్‌లో చేరగానే వాడి బడిలోనే లంచ్ ఎయిడ్‌గా చేరాను. రోజుకి రెండు గంటలు. పాల డబ్బాలు విప్పి పెట్టడం, కొట్టుకునే పిల్లల్ని విడదీయడం, బల్లలు తుడవడం. మూడేళ్ళు చేశాను. తర్వాత మా అపార్ట్‌మెంట్లలోనే మనవాళ్ళ పిల్లల్ని చూసుకుంటే ఇంట్లోనే ఉండొచ్చు కదా అని అది మానేసి బేబీ సిటింగ్ మొదలుపెట్టాను. అంతా చేతికి నగదే. పొద్దున ఏడింటికి మొదటి పాప వచ్చేది, సాయంత్రం ఆరున్నరకి ఆఖరి బాబు వెళ్ళేవాడు. పేరుకి పార్ట్ టైం. లెక్కేస్తే వారానికి యాభై గంటలు దాటేది.

1999 చివర్లో సోషల్ సెక్యూరిటీ వాళ్ళ దగ్గర్నుంచి ఒక కవరు వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు నుంచే వాళ్ళు పాతికేళ్ళు నిండిన వాళ్ళందరికీ ఏటా ఒక లెక్క కాగితం పంపడం మొదలుపెట్టారు. మీరు ఏ సంవత్సరం ఎంత సంపాదించారో, ఎంత కట్టారో అందులో వరసగా ఉంటుంది. నా కాగితంలో 1988, 89, 90లకు ఎదురుగా చిన్న చిన్న అంకెలున్నాయి. 1991 నుంచి కిందికి అన్నీ సున్నాలే. మా ఆయన నా భుజం మీంచి చూసి, "పోనీలే, నాది ఉందిగా" అన్నారు. ఆయన మంచికే అన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ సున్నాలు ఎలా వచ్చాయో తెలుసుకుందామని లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఇవాళ చెప్పబోయేది అలా వెతుక్కుంటే దొరికిన చరిత్రే.

పార్ట్ టైం అనే మాట ఉండాలంటే ముందు ఫుల్ టైం అంటే ఎంతో తేలాలి. అమెరికాలో అది తేల్చింది 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం. వారానికి 44 గంటలతో మొదలుపెట్టి, 1940 నాటికి 40కి తెచ్చారు. అంతకు మించి చేయిస్తే ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలి. ఇక్కడో తమాషా ఉంది. ఎక్కువ పని చేయించకుండా గీత గీసిన ఆ చట్టం, తక్కువ పని అంటే ఎంతో మాత్రం చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. లెక్కల కోసం లేబర్ స్టాటిస్టిక్స్ వాళ్ళు 35 గంటలలోపు చేసేవాళ్ళని పార్ట్ టైం అంటారు, అంతే. ఆ తక్కువ గంటలు పని చేసేవాళ్ళకి ఏం దక్కాలి అన్నది ఎవరికి తోచినట్టు వాళ్ళు నింపుకునే ఖాళీ గడిగా మిగిలిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్ళు సైన్యంలోకి పోతే ఆడవాళ్ళు ఫ్యాక్టరీలకొచ్చారు. మరి పిల్లలు? లాన్‌హామ్ చట్టం కింద వచ్చిన ఫెడరల్ డబ్బుతో 1943 నుంచి దేశమంతా శిశు సంరక్షణ కేంద్రాలు నడిచాయి. మూడు వేలకు పైగా కేంద్రాలు, మొత్తం మీద ఐదున్నర లక్షల మందికి తక్కువ కాకుండా పిల్లలు. తల్లి కట్టేది రోజుకి అర డాలరు. ఆరెగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో కైజర్ వాళ్ళ ఓడల కర్మాగారం గేటు దగ్గరే కట్టిన రెండు కేంద్రాల గురించి చదివినప్పుడు నాకు కళ్ళు తిరిగాయి. రాత్రి షిఫ్టు వాళ్ళ కోసం ఇరవై నాలుగు గంటలూ తెరిచుండేవి. పిల్లవాడికి ఒంట్లో బాగోకపోతే నర్సు ఉండేది. తల్లి షిఫ్టు దిగి బిడ్డని తీసుకెళ్ళేటప్పుడు, కావాలంటే రాత్రికి వండిన భోజనం కూడా కొనుక్కుని వెళ్ళొచ్చు! ఇదంతా 1943లో. వంట చేసిపెట్టే ఆ ఏర్పాటు గురించి మా అమ్మకి చెబితే, "అలాంటి ఆఫీసు నాకు దొరికితే నేనూ చేసేదాన్ని ఉద్యోగం" అంది.

యుద్ధం అయిపోయింది. పోర్ట్‌లాండ్ కేంద్రాలు 1945లోనే మూతపడ్డాయి, ఫెడరల్ డబ్బు 1946 మొదట్లో ఆగిపోయింది. తల్లులు ఊరేగింపులు తీశారు, ఉత్తరాలు రాశారు. కాలిఫోర్నియా లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప మిగతావన్నీ పోయాయి. ఆడవాళ్ళు ఇంటికెళ్ళాలి అన్నారు. సరే, వెళ్ళారు. కానీ కొన్నాళ్ళకే వ్యాపారస్తులకి ఒక సంగతి తట్టింది. టైపింగ్ వచ్చిన, లెక్కలొచ్చిన, యుద్ధకాలంలో పని అలవాటైన లక్షల మంది ఇళ్ళల్లో ఉన్నారు. వాళ్ళకి కావలసినవి కొద్ది గంటలు, మాకు కావలసింది చౌక పని.

1946లోనే డెట్రాయిట్‌లో రసెల్ కెల్లీ అనే ఆయన ఒక ఆఫీసు పెట్టాడు. మొదట్లో వేరే కంపెనీల టైపింగు తన దగ్గర చేయించి పంపేవాడు. మీ అమ్మాయిల్నే మా ఆఫీసుకి పంపరాదా అని వాళ్ళడగడంతో పంపడం మొదలుపెట్టాడు. అలా వచ్చిందే కెల్లీ గర్ల్. రెండేళ్ళకి మిల్వాకీలో మాన్‌పవర్ వచ్చింది. పిల్లలు బడికెళ్ళాక సరదాగా చేసుకునే పని, చేతిఖర్చుకి డబ్బులు అని ప్రచారం చేసేవారు. ఎదుటి పక్క కంపెనీలతో ఏం చెప్పేవారో తెలుసుకోవాలంటే 1971లో కెల్లీ వాళ్ళు వేసిన ఒక ప్రకటన చూడాలి. ఈ అమ్మాయి సెలవు తీసుకోదు, జీతం పెంచమనదు, పని లేనప్పుడు మీకు పైసా ఖర్చు లేదు, మీ ఖాతాలో జబ్బు పడదు అని దాని సారాంశం. సరదాగా చేసుకునే పని అనే మాటకి రెండో వైపున రాసున్నది ఇదన్నమాట.

ఇంకో దారి టప్పర్‌వేర్. మన ఇళ్ళల్లో ఆ డబ్బాలు లేని ఫ్రిజ్ ఉందా? 1951లో ఆ కంపెనీ డబ్బాల్ని దుకాణాల్లోంచి తీసేసి, ఇళ్ళల్లో పార్టీలు పెట్టి అమ్మే పద్ధతికి మారింది. దాన్ని నడిపించింది బ్రౌనీ వైజ్ అనే ఆవిడ. భర్త నుంచి విడిపోయి ఒక్క కొడుకుని పెంచుకుంటున్న తల్లి. 1954లో బిజినెస్ వీక్ పత్రిక అట్ట మీద బొమ్మ పడ్డ మొదటి మహిళ. 1958లో ఆవిడని తీసేశారు. ఇక ఆ పార్టీలు పెట్టే తల్లుల సంగతి: వాళ్ళు కంపెనీ ఉద్యోగులు కారు, అమ్మకందార్లు. వేళ మీ ఇష్టం, పిల్లలు పక్కనే. సెలవు, బీమా, పెన్షన్ అన్నది మాత్రం లేదు.

ఇంట్లో కూర్చుని చేసే పని గురించి ఒక మాట చెప్పకపోతే ఈ కథకి కాలు ఒకటి తక్కువవుతుంది. 1940ల మొదట్లో అమెరికా ప్రభుత్వం ఏడు రకాల వస్తువుల్ని ఇంటి దగ్గర తయారు చేయించడాన్ని నిషేధించింది. స్వెట్టర్లు, ఆడవాళ్ళ దుస్తులు, చేతి తొడుగులు, బొత్తాలు, చేతిరుమాళ్ళు, ఎంబ్రాయిడరీ, నగలు. ఇదేం అన్యాయం, ఇంట్లో కూర్చుని అల్లుకుంటే తప్పేమిటి అనిపిస్తుంది. కారణమేమిటంటే, ఇంట్లో గంటలు లెక్కపెట్టేవాడు లేడు. ముక్కకి ఇంత అని ఇస్తే తల్లితో పాటు పిల్లలూ రాత్రిదాకా కూర్చునేవారు, కనీస వేతనం చట్టం గుమ్మం దాటి లోపలికి రాలేకపోయేది. 1980ల మొదట్లో వెర్మాంట్ పల్లెల్లో స్కీ టోపీలు అల్లుకునే ఆడవాళ్ళు మా పని మమ్మల్ని చేసుకోనివ్వండి అని నిలబడ్డారు. కార్మిక సంఘాలు వద్దన్నాయి. కోర్టుల చుట్టూ తిరిగి 1984లో స్వెట్టర్ల మీద, తర్వాత 1989 నాటికి ఆడవాళ్ళ దుస్తులు తప్ప మిగతా చాలావాటి మీద నిషేధం పోయింది. రెండు పక్షాల్లోనూ నిజముంది. నాకు మాత్రం ఆ సంఘాల వాళ్ళ మాటే ఎక్కువ తలకెక్కింది, ఎందుకంటే ఆ ఇంటి పని సంగతి మా జిల్లాలో చూసినదే.

మాది పశ్చిమ గోదావరి. నరసాపురం లేసు పేరు మీలో చాలామంది వినే ఉంటారు. మిషనరీల కాలంలో వచ్చిన పని. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ పల్లెల్లో తిరిగి 1982లో 'నరసాపురం లేసు అల్లే స్త్రీలు' అనే అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో పుస్తకం వేసింది. ఆవిడ చెప్పింది ఇదీ: ఇంటి పనంతా చేసుకుని, పైన రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతారు. అది ఓడలెక్కి విదేశాలకి పోతుంది. కానీ వాళ్ళని అడిగినా, వాళ్ళ మగవాళ్ళని అడిగినా, వ్యాపారిని అడిగినా, 'తీరిక వేళల పని' అంటారు. లెక్కల్లో వాళ్ళు గృహిణులు. మా పెద్దమ్మ అరుగు మీద కూర్చుని అల్లుతుంటే నేను దారం ఉండ పట్టుకుని ఆడుకునేదాన్ని. ఆవిడ పని చేస్తోందని నాకెప్పుడూ అనిపించలేదు. న్యూజెర్సీ అపార్ట్‌మెంట్‌లో ఐదుగురు పిల్లలకి అన్నం తినిపిస్తున్నప్పుడు నాకు నేనూ పని చేస్తున్నట్టు అనిపించలేదు మరి!

ఇక బడి ఉద్యోగాల సంగతికొస్తాను. మన ఆడవాళ్ళు చాలామంది చివరికి చేరేది అక్కడికే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

బడి భోజనాల చట్టం 1946లో వచ్చింది. బళ్ళల్లో వంటగదులొచ్చాయి, వాటితో పాటే మధ్యాహ్నం రెండు మూడు గంటల ఉద్యోగాలు పుట్టాయి. 1953లో మిచిగన్‌లోని బే సిటీ అనే ఊళ్ళో ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో టీచర్లకి సహాయకుల్ని పెట్టి చూశారు. అసలు పెద్ద ఎత్తున తలుపు తెరిచింది 1965. ప్రెసిడెంట్ జాన్సన్ తెచ్చిన విద్యా చట్టంలో టైటిల్ వన్ కింద పేద పిల్లలున్న బళ్ళకి ఫెడరల్ డబ్బొచ్చింది. ఆ డబ్బుతో వేల మంది పారాప్రొఫెషనళ్ళని, అంటే తరగతిలో టీచరు పక్కన ఉండి పిల్లలకి చదువు చెప్పే సహాయకుల్ని, పెట్టుకున్నారు. న్యూయార్క్ నగరంలో వీళ్ళలో ఎక్కువమంది ఆ పేటల్లోనే ఉండే నల్లజాతి, ప్యూర్టో రికో తల్లులు. పిల్లలు ఏ బళ్ళో చదువుతున్నారో ఆ బళ్ళోనే పని. వేళలు కలిశాయి, సెలవులు కలిశాయి. జీతం మాత్రం గంటకి సుమారు రెండు డాలర్లు. ఉద్యోగానికి ఖాయం లేదు, వేసవిలో జీతం లేదు, పైకి వెళ్ళే దారి లేదు.

వాళ్ళని కూడగట్టిన ఆవిడ పేరు వెల్మా మర్ఫీ హిల్. 1960లో షికాగో రెయిన్‌బో బీచ్‌లో నల్లవాళ్ళకీ ప్రవేశం ఉండాలని వెళ్ళినప్పుడు రాయి దెబ్బకి తల పగిలిన మనిషి. తర్వాత న్యూయార్క్ వచ్చి తానే పారాగా చేరింది. ఇక్కడ చిక్కు ఏమిటంటే, 1968లో నగరంలో టీచర్ల సమ్మె జరిగింది. అందులో నల్లజాతి తల్లిదండ్రులకీ, ఎక్కువగా తెల్లవాళ్ళే ఉన్న టీచర్ల సంఘానికీ మధ్య పెద్ద పగ వచ్చింది. సమ్మె రోజుల్లో చాలామంది పారాలు గేటు దాటి లోపలికెళ్ళి బళ్ళు నడిపించారు. అలాంటి వాళ్ళని మర్నాడే వెళ్ళి అదే టీచర్ల సంఘంలో చేరమనాలి! ఎవరు వింటారు? అయినా 1969లో ఓటింగ్ పెడితే, పోటీగా ఉన్న మునిసిపల్ ఉద్యోగుల సంఘాన్ని కొద్ది తేడాతో దాటి టీచర్ల సంఘం గెలిచింది. 1970లో పారాలు సమ్మెకి సిద్ధమయ్యారు. మీరు వాళ్ళతో నిలబడతారా అని టీచర్లని అడిగితే, వాళ్ళూ చివరికి నిలబడతామనే ఓటేశారు. సమ్మె దాకా పోకుండానే ఒప్పందం కుదిరింది.

ఆ ఒప్పందంలో జీతాలు రెట్టింపు పైగా పెరగడం ఒక ఎత్తు. ఇంకో ఎత్తు ఆరోగ్య బీమా, జీతంతో సెలవు. నన్ను కదిలించినది మాత్రం మూడోది: పారాలు నగర విశ్వవిద్యాలయంలో చదువుకుని టీచర్లు కావడానికి దారి. పని వేళల్లోనే క్లాసులకి వెళ్ళడానికి విడుదల, వేసవిలో చదువుకుంటే భత్యం. హైస్కూలు కూడా పూర్తి కాని తల్లులు అక్కడ మొదలుపెట్టి డిగ్రీ దాకా వెళ్ళి టీచర్లయ్యారు. ఇంతకు ముందు చెప్పిన కెల్లీ అమ్మాయి పనీ, ఈవిడ పనీ గంటల్లో చూస్తే ఒకటే. ఆవిడ పదేళ్ళ తర్వాత కూడా అక్కడే ఉంటుంది, ఈవిడ కాళ్ళ కింద మెట్లున్నాయి. పార్ట్ టైం ఉద్యోగం దొరికిందని ఎవరైనా నాతో అంటే ఇప్పుడు నేనడిగేది ఎన్ని గంటలని కాదమ్మా, దాని పక్కన మెట్టు ఉందా అని.

ఆ మరుసటేడే మరో తలుపు మూసుకుపోయింది. బడి వయసు రాని పిల్లల కోసం దేశమంతా సంరక్షణ కేంద్రాలు పెట్టే బిల్లుని రెండు సభలూ పాస్ చేసి పంపితే, 1971 డిసెంబరు 9న ప్రెసిడెంట్ నిక్సన్ వీటో చేశాడు. అంటే బిడ్డకి ఐదేళ్ళొచ్చేదాకా ఎవరి దారి వాళ్ళదే. ఈ దేశంలో నాలాంటి బేబీ సిటర్లు పుట్టింది ఆ ఖాళీలోనే. నగదు ఇచ్చేవాళ్ళకి పన్ను గొడవ లేదు, పుచ్చుకునేవాళ్ళకి కాగితాల గొడవ లేదు. 1993లో ప్రెసిడెంట్ క్లింటన్ అటార్నీ జనరల్ పదవికి ఎంచిన జోయీ బెయర్డ్, తన ఇంట్లో పిల్లల్ని చూసే మనిషికి సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టలేదని, ఆ మనిషికి ఇక్కడ పని చేసే అనుమతి కూడా లేదని బయటపడి తప్పుకోవలసి వచ్చింది. మరుసటేడు చట్టం మార్చారు. 2025 లెక్క ప్రకారం, ఇంట్లో పెట్టుకున్న మనిషికి ఆ ఏడాదిలో 2,800 డాలర్లు ఇస్తే యజమాని ఆ పన్ను కట్టి తీరాల్సి ఉండేది. నాలాగా తన ఇంట్లోనే నలుగురి పిల్లల్ని చూసుకునే ఆవిడైతే అది సొంత వ్యాపారం కింద లెక్క, తనే చూపించి కట్టుకోవాలి. ఆ బెయర్డ్ వార్త టీవీలో వస్తున్నప్పుడు నా ఒళ్ళో ఒక పాప నిద్రపోతోంది. పెద్దవాళ్ళ గొడవలు మనకెందుకులే అనుకున్నాను, ఆ ఏటి సున్నా కూడా నా కాగితం మీద పడింది.

ఆ సున్నాలకి ఖరీదేమిటో కూడా చెప్పాలి. సొంతంగా రిటైర్‌మెంట్ రావాలంటే 40 క్రెడిట్లు కావాలి, ఏడాదికి నాలుగుకి మించి ఇవ్వరు. అంటే కనీసం పదేళ్ళు. కానీ నాలుగూ రావడానికి పెద్ద జీతం అక్కర్లేదు. 1978 నుంచి గంటలతో, నెలలతో పని లేకుండా సంపాదన మొత్తాన్ని బట్టే ఇస్తున్నారు. 2025లో ఏడాదికి 7,240 డాలర్లు చూపిస్తే నాలుగూ వచ్చేవి. రెండు గంటల లంచ్ ఎయిడ్ ఉద్యోగంతో నాకు మూడేళ్ళలో పన్నెండూ వచ్చాయి. పదకొండు గంటల బేబీ సిటింగ్‌తో ఒక్కటీ రాలేదు.

భర్త రికార్డు మీద భార్యకి అందులో సగం దాకా వస్తుంది, నిజమే. కానీ నాకు తెలిసిన ఒకావిడ పెళ్ళయిన తొమ్మిదో ఏట విడాకులు తీసుకుంది. మాజీ భర్త రికార్డు మీద అడగాలంటే పెళ్ళి పదేళ్ళు నిలవాలి. ఆవిడకి తెలియదు, చెప్పినవాళ్ళూ లేరు. ఇంకొకటి: జబ్బు చేసి పని చేయలేని స్థితి వస్తే ఇచ్చే డిసెబిలిటీకి సొంత క్రెడిట్లే, అందులోనూ ఇటీవలివి, చూస్తారు. బ్రిటన్‌లో వినేవాళ్ళకి ఒక మాట. మీ దగ్గర పిల్లల్ని పెంచిన ఏళ్ళని పెన్షన్ లెక్కలో కాపాడే ఏర్పాటు 1978 నుంచి ఉంది. ఇక్కడ అలాంటిది లేదు. కానీ 2000కి ముందు చైల్డ్ బెనిఫిట్ మొదలైన తల్లుల రికార్డుల్లో చాలావాటిలో ఆ ఏళ్ళు ఎక్కలేదని ఈమధ్య బయటపడింది. మీ అత్తగారివో అమ్మగారివో ఒకసారి తీసి చూడండి.

కంపెనీ పెన్షన్లకి ఇంకో అంకె ఉంది, వెయ్యి. 1974 చట్టం ప్రకారం ఏడాదికి 1,000 గంటలు చేయని మనిషిని ప్లానులో చేర్చుకోకపోయినా ఫర్వాలేదు. మన వాళ్ళలో ఒకావిడ ఏడాది చివరికి 980 గంటల దగ్గర ఆగేలా షెడ్యూలు వేసేవారని చెబుతుండేది, ఎక్కడో చెప్పను. 2019, 2022 చట్టాలతో అది మారింది. 2025 నుంచి వరసగా రెండేళ్ళు 500 గంటలు చేసిన వాళ్ళని 401(కె)లో డబ్బు వేసుకోనివ్వాలి. ఆరోగ్య బీమాకి 2010 ఒబామా చట్టం 30 గంటల గీత గీసింది. యాభై మంది, ఆ పైన ఉన్న యజమానులకి అది వర్తిస్తుంది. ఆ తర్వాత ఉద్యోగ ప్రకటనల్లో 29 గంటలు అన్న అంకె తరచుగా ఎందుకు కనబడుతుందో మీకు ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

మన వాళ్ళ సంగతికొస్తే అసలు పని చేయొచ్చా లేదా అన్న ప్రశ్న అన్నింటికంటే ముందొస్తుంది. 1965 వలస చట్టం తర్వాత వచ్చిన మన డాక్టర్లు, ఇంజనీర్లు చాలామంది గ్రీన్ కార్డుతోనే వచ్చారు, భార్యలకీ అదే కార్డు. నేను 1981లో దిగినప్పుడు నాకు అడ్డు చెప్పినవాళ్ళు లేరు, నాకే దారి తెలియలేదు. 1990 చట్టంతో హెచ్-1బి అన్నది వచ్చింది, ఏడాదికి 65,000. వై2కె రోజుల్లో పెంచుకుంటూ పోయి 2001 నుంచి 2003 దాకా 1,95,000 చేశారు. హైదరాబాదు నుంచి విమానాల్లో ఎంతమంది కుర్రాళ్ళొచ్చారో, వాళ్ళ వెనకే హెచ్-4 మీద అంతమంది ఎమ్.సి.ఏ.లు, ఎమ్.ఎస్సీలు చదివిన అమ్మాయిలొచ్చారు. వాళ్ళకి పూర్తి ఉద్యోగమూ లేదు, రెండు గంటల లంచ్ ఎయిడూ లేదు. లైబ్రరీలో వాలంటీరు, బడిలో వాలంటీరు. అదే అపార్ట్‌మెంట్లో ఎల్-2 మీద వచ్చిన అమ్మాయికి 2002 నుంచి పని అనుమతి వచ్చింది, హెచ్-4 అమ్మాయికి రాలేదు. ఇద్దరూ ఒకే స్టాపులో పిల్లల్ని బస్సెక్కించేవారు.

2015 మే 26 నుంచి, భర్తకి గ్రీన్ కార్డు కోసం ఐ-140 ఆమోదమైతే, లేదా ఆరేళ్ళు దాటి పొడిగింపులో ఉంటే, హెచ్-4 వాళ్ళకీ పని కార్డు ఇస్తున్నారు. మొదటి ఏడాది 1,79,600 మంది దాకా అర్హులవుతారని ప్రభుత్వం అంచనా వేసింది. తీసుకున్న వాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా భారతదేశంలో పుట్టిన వాళ్ళే, నూటికి తొంభై మందికి పైగా ఆడవాళ్ళే. దాని మీద వేసిన కేసు పదేళ్ళు నడిచింది. 2024 ఆగస్టులో అప్పీలు కోర్టు ఆ నియమం చెల్లుతుందని చెప్పింది, 2025 అక్టోబరులో సుప్రీం కోర్టు జోక్యం చేసుకోనంది. సంతోషించేలోపే, అదే నెల 30 నుంచి వేసే రెన్యూవల్ దరఖాస్తులకి ఇదివరకున్న ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు. పాత కార్డు తేదీ లోపల కొత్తది చేతికి రాకపోతే ఆ రోజుతో పని ఆపాలి. పెద్ద ఉద్యోగమైతే కొన్నాళ్ళు ఎదురుచూస్తారేమో, మూడు గంటల ఉద్యోగాన్ని మీ కోసం ఎవరు అట్టే పెడతారు? అందుకని ఆరు నెలల ముందు దరఖాస్తు వేసే వీలుంది, ఆ మొదటి రోజే వేసుకోండి.

నా సంగతి ముగిస్తాను. ఆ కవరొచ్చిన మర్నాడు కాదు గానీ, 2000లో పిల్లల తల్లులందరికీ నెల రోజులు ముందు చెప్పి బేబీ సిటింగ్ మానేశాను. మా ఊరి బళ్ళో పారాగా చేరాను. 2002లో కొత్త చట్టమొచ్చి టైటిల్ వన్ బళ్ళల్లో పారాలకి రెండేళ్ళ కాలేజీ అయినా ఉండాలి, లేదా పరీక్ష అయినా పాసవ్వాలి అంది. ఆంధ్రా యూనివర్సిటీ బి.ఎస్సీ. కాగితాలు పెట్టె అడుగు నుంచి తీసి, ఇక్కడి లెక్కలోకి మార్పించుకోవడానికి ఒక సంస్థకి పంపితే, నెలలు గడిచినా జవాబు లేదు. విసుగొచ్చి పరీక్షే రాసేశాను. ఏడేళ్ళు చేస్తే 2006లో నలభై నిండాయి. మెట్టెక్కి టీచర్ని మాత్రం కాలేకపోయాను, నలభై ఐదేళ్ళకి మళ్ళీ కాలేజీ అంటే భయపడ్డాను. నా పక్క గదిలో చేసిన ఒక గయానా ఆవిడ అదే వయసులో వెళ్ళి చదువుకుని అయింది.

లైన్లోకి వచ్చిన అమ్మాయికి కార్యక్రమం అయ్యాక ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఇప్పుడు ఆ కవర్లు అందరికీ రావు, 2017 నుంచి అరవై దాటి ఆన్‌లైన్ ఖాతా లేని వాళ్ళకే పంపుతున్నారు, నీ ఖాతా నువ్వే తెరిచి చూసుకో అన్నాను. మొన్న మంగళవారం తనే ఫోన్ చేసింది. పాప పుట్టకముందు 2016లో, 17లో పని కార్డు మీద చేసిన ఉద్యోగం అందులో కనబడిందట. వాళ్ళ బళ్ళోనే పారా ఇంటర్‌వ్యూకి కూడా పిలిచారట. "వాళ్ళు ఇరవై తొమ్మిది గంటలంటున్నారు ఆంటీ. మెట్టు సంగతి ఇంటర్‌వ్యూలోనే అడగచ్చా?" అంది. అడుగమ్మా అన్నాను. "ఎనిమిది ఉన్నాయి, ఇంకా ముప్ఫై రెండు" అని తనే లెక్క చెప్పి, బస్సొచ్చే టైమైందని పెట్టేసింది.